మూత తీయని కుండ

పంపన్న ఇంట్లో పొయ్యి చల్లబడి ఉండడం దగ్గర పోయిన వారం ఆగాం. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళు కంగారు పడకండి. జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

కూరెకుప్ప దాటి లోపలికి పోతే కొండ కింద ఒక చిన్న ఊరు. ముందటేడు బాగా కురిసింది కాబట్టి కొండ మీద గడ్డి నడుమెత్తు పెరిగింది. ఈ ఏడు చుక్క వాన లేదు, ఆ గడ్డంతా ఎండి గలగలలాడుతోంది. ఖనిజం లారీలు మాత్రం ఎండనీ వాననీ చూడకుండా ఎర్రదుమ్ము లేపుకుంటూ తిరుగుతూనే ఉన్నాయి. ఇట్లాంటి ఎండల్లో అటవీశాఖవాళ్ళు కొండ మీద నిప్పు నిషేధం పెట్టారు. ఊరి తలారి దురుగప్ప డంగుర, అంటే దండోరా, కొట్టి సగం కన్నడంలో, సగం తెలుగులో ఊరంతా చాటాడు. కొండ మీదికి బెంకిపొట్టణం తేబారదు, అంటే అగ్గిపెట్టె తేకూడదు. బీడీ తాగకూడదు. గడ్డి తగలబెట్టకూడదు. పొయ్యి పెట్టి వండుకోకూడదు.

కొండదారి మొదట్లో చౌకీ. ఆ చౌకీలో వాచరు సాలొమోను. మిషన్ చర్చి వీధి మనిషి, తల నెరిసిపోయేదాకా దినకూలీ మీదే ఈ కొండను కాశాడు. ఈ ఒక్క వేసవి కొండ కాలకుండా గడిపితే ఉద్యోగం పర్మనెంటు చేయిస్తానని రేంజరు మాటిచ్చాడు. అందుకని సాలొమోను ఎవరినీ వదలడం లేదు. కాపరుల జేబులు తడుముతాడు, భక్తుల సంచులు విప్పుతాడు, దొరికిన అగ్గిపెట్టెలన్నీ ఒక వెదురుబుట్టలో పోస్తాడు. చర్చి పాస్టరు గారి చొక్కా జేబు కూడా తడిమాడని చెప్పుకుని ఊరంతా నవ్వింది.

అంతటి మనిషి ఆ పొద్దున కెంచమ్మ నెత్తిమీది కుండకు దారి వదిలాడు!

కెంచమ్మ, ఆమె మొగుడు పంపన్న సాలొమోనుకు గోడ పక్క ఇల్లు. వాళ్ళ కూతురు నేత్రావతికి రెండు కాన్పులు పోయాయి. ఇద్దరు బిడ్డలూ పుట్టారు, ఏడవలేదు. మూడోసారి నొప్పులు మొదలయ్యాయని బళ్ళారి గాంధీనగర్‌లో ఒక నర్సింగ్ హోంకు తీసుకుపోయారు. ఒకప్పుడు మిషన్ ఆస్పత్రిలో ఆయాగా చేసిన సాలొమోను భార్య కృపమణి తోడుగా పోయింది. కెంచమ్మ పోలేదు. కొండ మీది సుంకులమ్మకు ఆమె ఒక హరకె మొక్కుకుంది. కూతురు నొప్పులు పడుతున్నప్పుడు ఇంటి పొయ్యిలోని నిప్పును కుండలో మోసుకుపోయి అమ్మ ముందర పంజు వెలిగించాలి. పంజు అంటే మన కాగడానే. ఇంట్లో కుండ ఎత్తినప్పటినుంచి పంజు వెలిగేదాకా నోరు తెరవకూడదు. అగ్గిపుల్ల గీకి వెలిగిస్తే మొక్కు చెల్లదు.

చౌకీ దగ్గర సాలొమోను అడిగాడు. "ఏముందక్కా కుండలో?"

కెంచమ్మ మాట్లాడలేదు. చంకలోని తట్ట చూపించి, కొంగు ముడి విప్పింది. అగ్గిపెట్టె లేదు. కుండ మీద మూత, మూత మీద వేపమండలు. అమ్మవారి నైవేద్యం కాబోలనుకున్నాడు సాలొమోను. తాను వేరే దేవుణ్ణి కొలిచేవాడు, వాళ్ళ అమ్మవారు ఇంకా ఎంగిలి చేయని కుండకు మూత తీయడం మర్యాద కాదని పక్కకు తప్పుకున్నాడు. పాస్టరు గారి జేబు తడిమిన చెయ్యి ఆ మూత దగ్గర ఆగిపోయింది.

పొద్దెక్కాక కొండ శిఖరం వెనక పొగలాంటిది లేచింది. అదే సమయానికి పంపన్న పరిగెత్తుకొచ్చి, ఇంట్లో పొయ్యి ఊడ్చినట్టుందని చెప్పాడు. ఇక ఈ వారం కథ.

* * *

"నిప్పులా? కుండలో నిప్పులా?" సాలొమోను రెండుసార్లు అడిగాడు. చౌకీ పక్కనున్న తంగేడు కొమ్మలు విరిచి, సగం పంపన్న చేతిలో పెట్టి, కొండెక్కడం మొదలుపెట్టాడు. మంటను కొట్టి ఆర్పడానికి పచ్చికొమ్మలకు మించింది లేదు. ఆ ఎండల్లో పచ్చగా మిగిలినవి ఆ తంగేళ్ళే.

పంపన్న లారీలకు ఖనిజం ఎత్తిఎత్తి ఊపిరి పాడుచేసుకున్నవాడు. ప్రతి మలుపులో నిలబడి దగ్గుతున్నాడు.

"సాలొమోనప్పా, నా పెండ్లాన్ని జైలుకు పంపద్దప్పా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ముందు మనిషి కాలకుండా దొరకనీ పంపన్నా! జైలు సంగతి తరవాత చూద్దాం."

"దానికి తెల్దప్పా. అగ్గిపెట్టె తేబారదన్నారు, తేలేదు గదా అనుకోనింటాది."

"అనుకోనింటాది, అనుకోనింటాది! నేనేం అనుకోనింటినో అడుగు. నైవేద్యం అనుకోనింటి. నా కండ్ల ముందర నిప్పుల కుండ పోతావుంటే నేను పక్కకు జరిగి దారిచ్చినా. రేంజరు అడిగితే ఏం చెప్పల్ల? జేబులు చూసినా సార్, కుండ చూడలేదు సార్ అని చెప్పల్లనా?"

పాపం, ఉద్యోగం గురించే ఏడుస్తున్నాడు అనుకోకండి. ఉద్యోగం బెంగ ఉంది, లేదనను. కానీ అతని కళ్ళముందు తిరుగుతున్నది వేరే. గాలి తూర్పు నుంచి వీస్తోంది. శిఖరం వెనక అంటుకుంటే మంట ఇటే దిగుతుంది. దిగే దారిలో సుంకులమ్మ గుడి, గుడి కింద మేకల దొడ్లు, దొడ్ల కింద ఊరు. ఆ గుడి దగ్గర నడుమెత్తు గడ్డి మధ్యలో, తనకు ఏళ్ళుగా పండగ పండక్కీ బొరుగులు పంపే కెంచమ్మక్క. ప్రభువా, ప్రభువా అని అడుగడుగుకూ అనుకుంటూ ఎక్కుతున్నాడు. అన్నేళ్ళు మంటలు చూసినవాడికి ఒక్క విషయం తట్టాల్సింది. కాలిన వాసన రావడం లేదు. భయం పట్టినవాడికి ముక్కు పనిచేయదు కదా, తట్టలేదు.

మలుపు తిరగ్గానే గుడి కనబడింది. గుడి అంటే పెద్ద బండ కింద నాలుగు రాళ్ళు, పసుపు పూసిన అమ్మ. ఆ ముందర కెంచమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో, గుడిలోనే ఉండే నూనెగుడ్డలు చుట్టిన పంజు. వెలగలేదు. ఎదురుగా మూత తీసిన కుండ. అందులో బూడిద కింద నిప్పులు ఎర్రగా కనబడుతున్నాయి.

"ఏమే!" అని పంపన్న అక్కడే కూలబడ్డాడు.

సాలొమోను మాత్రం భగ్గుమన్నాడు. "అక్కా! ఏందక్కా ఈ పని? నీకు కండ్లు కనపడతాండాయా లేదా? చుట్టూ చూడు, పుల్లంత పచ్చి ఉండాదా ఈడ? ఒక్క రవ్వ ఎగిరితే ఊరు మిగులుతాదా?"

కెంచమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మాట్లాడకూడదు మరి.

"మాట్లాడద్దులే. ఆ కుండ ఇట్ల ఇయ్యి."

ఆమె కుండను దగ్గరికి లాక్కుంది. వేడి తగిలిందేమో మొహం చిట్లించింది. అయినా వదల్లేదు. రెండు వేళ్ళు ఎత్తి చూపించింది. తర్వాత పొట్ట మీద చెయ్యి వేసుకుంది. తర్వాత పంజు వైపు చూపించింది. సాలొమోనుకు అర్థమైంది. ఆ ఇద్దరు బిడ్డలనూ పూడ్చడానికి చిన్నపెట్టెలు చేయించింది అతనే.

"నాకు తెల్దా అక్కా?" అన్నాడు, గొంతు తగ్గించి. "నేత్ర నా చేతుల్లో పెరగలేదా? కానీ ఈ గాలి చూడు. పంజు వెలిగిస్తే..."

అంతలో గాలి నిజంగానే ఒక విసురు విసిరింది. కుండలో బూడిద లేచింది. చిటుక్కుమని ఒక రవ్వ ఎగిరి, పంపన్న తల మీదుగా పోయి గడ్డిలో పడింది. ముగ్గురూ చూశారు. సన్నటి గీతలాగా పొగ, వెంటనే వేలంత మంట. సాలొమోను ఒక్క దూకు దూకి టైరు చెప్పులతో తొక్కాడు. తొక్కుతూనే ఉన్నాడు. పంపన్న పచ్చికొమ్మతో ఆ చోటునే కాక చుట్టూ నేలంతా బాదాడు. మంట పోయి చాలాసేపయ్యాక కూడా ఇద్దరూ ఆపలేదు. చివరికి సాలొమోను వంగి మోచెయ్యి దాకా గడ్డిలో పెట్టి తడిమి చూశాడు. చల్లగా ఉంది.

వెనక్కి తిరిగేసరికి కెంచమ్మ రెండు అరచేతులూ కుండ మూతి మీద అడ్డం పెట్టి ఉంది. సెగకు చేతులు కాలుతున్నాయి. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. పొద్దుటినుంచి ఆమె ఇట్లాగే కూర్చుందని అప్పుడు తెలిసింది సాలొమోనుకు. పంజు వెలిగించడానికే వచ్చింది. గడ్డిని చూసి చెయ్యి రాలేదు. ఆర్పేద్దామంటే కూతురు గుర్తొచ్చి ప్రాణం ఒప్పలేదు. ఎటూ పోలేక నిప్పుకు కాపలా కూర్చుంది. పిచ్చితల్లి!

కుండ లాక్కోవడం అతనికి ఎంతసేపు? లాక్కోలేదు. ఆమె పక్కనే గొంతుక్కూర్చుని తానూ ఒక చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వే ఆర్పల్లక్కా. నేను ఆర్పితే, రేప్పొద్దున ఏమన్నా జరిగితే, నా వల్లనే అనుకుంటావు. జన్మంతా నా మొహం చూడవు" అన్నాడు. అది నిజం. పంపన్నకు కూడా అది నిజమని తెలుసు.

అప్పుడు మోగింది, సాలొమోను జేబులో ఫోను.

ఆ ఫోను కొడుకు యేసుబాబు కొనిచ్చింది. ఊళ్ళో ఎంత ఎత్తిపట్టుకున్నా సిగ్నలు దొరకదు, చౌకీ దగ్గర వచ్చిపోతుంటుంది, కొండ మీద మాత్రం బాగా దొరుకుతుంది. అవతల కృపమణి. ఆమె అరుస్తోంది కాబట్టి స్పీకరు అక్కర్లేకుండానే అందరికీ వినబడింది.

"ఎన్నిసార్లు చేయల్ల నీకు! యాడ సచ్చినావు? ఆడబిడ్డ! విన్నావా? ఆడబిడ్డ! నేత్ర బాగుండాది. కెంచమ్మక్క యాడుండాది? ఇంట్లో ఉండాదా? పోయి చెప్పు సామీ తొందరగా!"

"ఈడే ఉండాది. ఉండు, ఉండు." సాలొమోను ఫోను కెంచమ్మ చెవికి ఆనించాడు.

కెంచమ్మ కదల్లేదు. ఆడబిడ్డ అన్న మాట ఆమెకు చాలదు. పోయినసారీ ఆడబిడ్డ అనే చెప్పారు. కృపమణికి ఆ సంగతి తెలుసు కాబోలు, ఇంకేం మాట్లాడకుండా ఫోను బిడ్డ దగ్గర పెట్టింది. సన్నగా, కోపంగా, గుక్కపట్టి, ఎవరో తనకు పెద్ద అన్యాయం చేసినట్టు ఏడుస్తోంది ఆ పిల్ల.

"ఏడుస్తాండాది!" అంది కెంచమ్మ.

పొద్దుటినుంచి మూసుకున్న నోరు అట్లా తెరుచుకుంది. "ఏడుస్తాండాది సామీ! ఏమప్పా, ఇను, ఏడుస్తాండాది! సాలొమోనప్పా, ఇంటాండావా? యా మాత్రం ఏడుస్తాండాది చూడు నా తల్లి!" అని ఫోను మొగుడి చెవికి పెట్టింది, మళ్ళీ తన చెవికి లాక్కుంది, మళ్ళీ సాలొమోను చెవికి పెట్టింది. పంపన్న దగ్గుతూ నవ్వుతూ ఏడుస్తున్నాడు. సాలొమోను స్తోత్రం స్తోత్రం అంటూ తువ్వాలుతో మొహం దాచుకున్నాడు. చెప్పొద్దూ, ఇది రాస్తుంటే నాకూ కళ్ళు మసకేశాయి.

కాసేపటికి కెంచమ్మకు గుర్తొచ్చి గతుక్కుమంది. "అయ్యో, మాట్లాడేసినా! పంజు ఎలగలేదే!"

"అమ్మ నీ పంజు కోసం కాచుకోలేదే" అన్నాడు పంపన్న. "ముందే ఇచ్చేసింది. ఇంగ ఏం జేస్తావు?"

"ఇచ్చినంక మొక్కు ఎగ్గొడితే కోపం రాదా?"

"ఎగ్గొట్టద్దక్కా" అన్నాడు సాలొమోను. "వానలు పడనీ. ఈ గడ్డి పచ్చబడినాక, నిషేధం ఎత్తేసినాక, నువ్వు మళ్ళా కుండ ఎత్తు. నేనే తోడొస్తా. కానీ చౌకీ దగ్గర మూత తీసి చూస్తా, ఇప్పుడే చెప్తాండా!"

కెంచమ్మ నవ్వింది. అమ్మవారి వైపు తిరిగి గుసగుసగా ఏదో చెప్పుకుంది. చెంబులో పసుపునీళ్ళు తెచ్చుకుంది అమ్మకు పోయడానికి. సగం అమ్మకు పోసింది. మిగతా సగం కుండలో పోసింది. చుయ్‌మని ఆవిరి లేచింది. సాలొమోను చెయ్యి పెట్టి బూడిదంతా కలియబెట్టాడు, అడుగుదాకా. ఆ తర్వాత చెయ్యి పైకెత్తి చూపించాడు, నల్లగా తడిగా.

"అమ్మయ్య" అన్నారు ముగ్గురూ.

పొయ్యిలోంచి తీసిన నిప్పు ఆరిపోతే పక్కింటినుంచి నిప్పు తెచ్చుకుని పొయ్యి రాజేసుకోవాలని వాళ్ళ ఆనవాయితీ. పక్కిల్లు సాలొమోనుదే. "మా ఇంట్లో గ్యాసు గదక్కా, కుండలో ఏం పోసియ్యల్ల?" అన్నాడతను. కెంచమ్మకు నవ్వు ఆగలేదు. తట్టలోంచి బొరుగులూ బెల్లమూ తీసి మొగుడికి ప్రసాదం పెట్టింది. తర్వాత కొంగు రెండో చివర ముడి విప్పి, అందులో విడిగా కట్టిన బొరుగులు సాలొమోను చేతిలో పోసింది.

"ఇవి అమ్మకు చూపించలేదు. పొద్దున్నే నీకని వేరే తీసి కట్టినా. తిను."

ప్రసాదం తినడని ఆమెకు తెలుసు. జాతరలన్నింటికీ ఇట్లాగే ముందుగా తీసిపెడుతుంది. పోలీసు కేసవుతుందేమో తెలియని ప్రయాణంలో కూడా మరిచిపోలేదు. సాలొమోను ఆ బొరుగులు నోట్లో పోసుకున్నాడు. కేసు రాయకూడదని అప్పుడే తీర్మానించుకున్నాడు. కాలింది జానెడు గడ్డి, దానికి తానే సాక్షి, తానే ముద్దాయి.

"సరే గానీ అప్పా," అన్నాడు పంపన్న నోట్లో బెల్లం ముక్కతో, "నిప్పు ఈడుంటే, మరి ఆ పొగ యాడిది?"

బొరుగులు గొంతుకు అడ్డం పడ్డాయి సాలొమోనుకు. నిజమే! పొగ గుడి దగ్గరది కాదు. శిఖరం వెనకది. కొమ్మలు అందుకుని మళ్ళీ పరుగు. కెంచమ్మను కదలొద్దని చెప్పి ఇద్దరూ చివరి బండలు చేతులతో పట్టుకుని ఎక్కారు. సాలొమోను గట్టు మీద నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

చూసి, ఒక్కసారిగా పకపకా నవ్వాడు.

"దుమ్ము! పంపన్నా, దుమ్మప్పా! పొగ కాదు. ఎర్రగా ఉండాది చూడు!"

కింద చౌకీ నుంచి ఎండకు ఎదురుగా చూసేసరికి నల్లగా, పొగలా కనబడింది. పైనుంచి చూస్తే మన రోడ్ల మీద రోజూ మింగే ఎర్రదుమ్మే. కొండకు నిప్పంటుకోలేదు. ఎక్కడా అంటుకోలేదు. సాలొమోను బండ మీద చతికిలబడి తొడలు చరుచుకుంటూ నవ్వాడు. ఊరుంది, కొండ ఉంది, కెంచమ్మక్క ఉంది, బిడ్డ ఏడుస్తోంది, ఉద్యోగం కూడా ఉంది. ఆ క్షణాన అతనంత హాయిగా ఉన్న మనిషి బళ్ళారి జిల్లాలో మరొకడు లేడు. అంత సంతోషం ఒక్కడే పట్టలేక ఫోను తీసి కొడుక్కి చేశాడు.

యేసుబాబు కూరెకుప్ప దగ్గర ఖనిజం కుప్పలు పోసే స్టాకుయార్డులో మట్టి తవ్వే ప్రొక్లెయినర్ నడుపుతాడు. మంచి జీతం. తండ్రి మీద ప్రేమ ఎక్కువ. ఈ నిషేధం పెట్టినప్పటినుంచి ప్రతి ఆదివారం వచ్చి ఒకే మాట చెప్పి పోతున్నాడు. ఎవరినీ పైకి పోనీయొద్దు నాయనా, నువ్వు కూడా పోవద్దు, ఈ ఎండలకు నీ గుండె తట్టుకోదు, చౌకీలోనే కూర్చో అని.

ఫోను అవతల మోగుతోంది. మోగుతుండగా పంపన్న అన్నాడు.

"అప్పా, ఈ పక్క అంతా మన రిజర్వు అడవి గదా? ఈడికి మిషను ఎట్లొచ్చె?"

సాలొమోను నవ్వు ఆపి కిందికి చూశాడు. దుమ్ము కొంచెం పక్కకు తొలిగింది. కొండ పక్కను కోసుకుంటూ కొత్త దారి. నరికిన చెట్లు ఒక పక్కకు తోసి ఉన్నాయి. దారి మధ్యలో పసుపుపచ్చ ప్రొక్లెయినర్. దాని చక్రాల పట్టీ పక్కన ఒక తెల్లటి రాయి పక్కకు ఒరిగి పడి ఉంది. ప్రతి ఏడూ నిప్పుల కాలం రాకముందు తాను సున్నం కొట్టే హద్దురాయి అది. కొండ మీదికి ఎవరినీ పోనీయకుండా తాను కింద అగ్గిపెట్టెలు ఏరుకుంటున్న ఇన్నాళ్ళూ, ఇక్కడ ఈ పని సాగింది.

కింద మిషను చప్పుడు ఆగింది. తొట్టి గాలిలో అట్లాగే నిలబడిపోయింది. లోపలినుంచి నీలంచొక్కా మనిషి ఒకడు దిగాడు. జేబులోంచి ఏదో తీసి చెవికి పెట్టుకున్నాడు.

"చెప్పు నాయనా" అంది ఫోను.

ఆ నీలంచొక్కాకు కృపమణి మొన్ననే గుండీలు కుట్టింది.

"యాడుండావురా?"

"కూరెకుప్పలో, యార్డులో ఉండా నాయనా. ఏం?" నీలంచొక్కా ఎండకు తాళలేక మిషను నీడలోకి జరిగాడు. "నువ్వు చౌకీలోనే ఉండావు గదా? పైకి పోలేదు గదా?"

పంపన్న ఫోను వైపు చూశాడు, కిందికి చూశాడు, మళ్ళీ సాలొమోను మొహంలోకి చూశాడు. అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆఁ," అన్నాడు సాలొమోను, కొడుకును చూస్తూనే. "చౌకీలోనే ఉండా."